పాత కార్డుకు ఆఖరి తేదీ

హైదరాబాద్‌కు పడమటి దిక్కున, తెల్లాపూర్, నల్లగండ్ల, కోకాపేట వైపు ఒక్కో గేటెడ్ కమ్యూనిటీ ఒక్కో చిన్న ఊరు. పంచాయతీ బదులు అసోసియేషన్, పన్ను బదులు మెయింటెనెన్స్. బిల్డరు అప్పగించి వెళ్లిపోయిన తెల్ల ప్లాస్టిక్ కార్డులే చాలాచోట్ల ఇప్పటికీ గేట్లు తెరుస్తున్నాయి. వాటిని మార్చాలని ఏదో ఒక ఏడాది జనరల్ బాడీకి తీర్మానం వస్తుంది, దాంతోపాటు గొడవా వస్తుంది. కింద మాట్లాడే ఇద్దరూ ఏ ఒక్క కాలనీ మనుషులూ కారు. అక్కడా ఇక్కడా విన్న వాదాలను ఇద్దరి నోట పెట్టాను. ఒకరు కోశాధికారి, బ్యాంకులో రిటైరైన మనిషి. ఇంకొకరు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, సెక్యూరిటీ సబ్ కమిటీ సభ్యురాలు. ఆయన్ని అంకుల్ అంటుంది. ఆయన ఎజెండా కాగితంలో, కార్డులు మార్చాలన్న ఆరో అంశం పక్కన ఎర్ర సిరాతో ప్రశ్నార్థకం వేసి కూర్చున్నాడు.

కోశాధికారి: అమ్మా, కొటేషన్లు చూశాను. గేట్లు, లిఫ్టు లాబీలు, క్లబ్ హౌస్, అన్నిచోట్లా రీడర్లు పీకి కొత్తవి పెట్టాలట. ఇప్పుడున్నవాటికి ఏమైంది? కార్డు చూపిస్తే బీప్ మంటుంది, గేటు తెరుచుకుంటుంది. ఏం చెడిపోయిందని మార్చాలి?

ఇంజనీరు: ఏమీ చెడిపోలేదు అంకుల్. మీ కార్డుకి తెరుచుకున్నంత చక్కగా దాని నకలుకీ తెరుచుకుంటుంది, చిక్కంతా అదే. ఈ కార్డులు 125 కిలోహెర్ట్జ్ రకం. లోపల బ్యాటరీ ఉండదు. రీడర్ దగ్గర పెట్టగానే దాన్నుంచే కరెంటు తీసుకుని, తనలో ఉన్న నంబరు చెప్పేస్తుంది. ఎవరు అడిగారని చూడదు. మన గేటు రీడర్‌కి చెప్పినట్టే, ఆన్‌లైన్‌లో కొన్న చవక పరికరానికీ చెబుతుంది. ఆ నంబరును ఖాళీ ట్యాగు మీదకి ఎక్కించడానికి నిమిషం కూడా పట్టదు. తాళంచెవులు చేసే షాపుల్లో కొందరు ఇప్పుడు ఇదీ చేసిపెడుతున్నారు.

కోశాధికారి: చేయనీ. నా ఇంటి తాళంచెవికీ ఏ బజారులోనైనా నకలు తీస్తారు. అందుకని నేను తలుపు మార్చానా?

ఇంజనీరు: తాళంచెవి నకలు తీయాలంటే అది మీ చేతిలోంచి పోవాలి. ఇక్కడ ఆ అవసరం కూడా లేదు. మన వాట్సాప్ గ్రూపులో నెలకోసారైనా ఒక ఫోటో వస్తుంది చూడండి, ‘ఈ కార్డు పార్కు దగ్గర దొరికింది, ఎవరిది?’ అని. కార్డు మీద చిన్న అంకెలుంటాయి. పది అంకెల సంఖ్య, దాని పక్కన కామా పెట్టి మరో రెండు సంఖ్యలు. మనలాంటి చాలా వ్యవస్థల్లో కార్డు చెప్పే నంబరు అదే. రీడర్ నుంచి కంట్రోలరుకు పోయేది 26 బిట్లు. అందులో తప్పులు పట్టడానికి వాడే రెండు తీసేస్తే మిగిలేవి ఆ కామాకి అటూ ఇటూ ఉన్న రెండు సంఖ్యలే. మొదటిది 255 దాటదు, రెండోది 65,535 దాటదు. అంటే మంచి మనసుతో పెట్టిన ఆ ఫోటో చాలు, కార్డు తయారైపోతుంది.

కోశాధికారి: (కాసేపు తన కార్డు తిప్పి చూసుకుని) సరే, ఈ అంకెల సంగతి నాకు తెలీదు. రేపే గ్రూపులో చెబుదాం, కార్డుల ఫోటోలు పెట్టొద్దని. దానికి పైసా ఖర్చు లేదు.

ఇంజనీరు: పెట్టిన ఫోటోల మాటేమిటి?

కోశాధికారి: ఆగమ్మా. నేనడిగేది వేరు. నువ్వు చెప్పినవాడెవడో ఇంత కష్టపడి నకలు కార్డు ఎందుకు చేసుకుంటాడు? వీపున డెలివరీ సంచి వేసుకుంటే చాలదూ? పొద్దున ఆరూ ఎనిమిది మధ్య చిన్న గేటు దగ్గర నిలబడి చూడు. పనివాళ్లు వరసగా వస్తుంటారు, ఒకరు కార్డు చూపిస్తే వెనక పదిమంది వస్తారు. కారు వెళ్లాక బారియర్ దిగేలోపు బైకు దూరుతుంది. వాచ్‌మన్ ఆపితే మనవాళ్లే కసురుతారు, ‘నేనెవరో తెలీదా’ అని. తెరిచున్న గేటుకి ఖరీదైన తాళమా?

ఈ మాటకు ఆమె వెంటనే జవాబివ్వలేదు. ఇవ్వలేకపోవడం న్యాయమే. ఏ కాలనీలోనైనా గేటు దగ్గర జరిగే మోసాల్లో ఎక్కువ భాగం ఇంత సాదాగానే ఉంటుంది. కార్డు అమ్మేవాళ్ల కరపత్రాల్లో ఈ సంగతి కనిపించదు.

ఇంజనీరు: వెనకాలే దూరేవాణ్ణి ఏ కార్డూ ఆపదు, ఒప్పుకుంటాను. దానికి మనిషో, ఒక్కొక్కరినే వదిలే టర్న్‌స్టైలో కావాలి. కానీ దొంగతనం ఒక్కటే చూడకండి. వాడు వెనకాల దూరితే రిజిస్టర్లో పేరుండదు. నకలు కార్డుతో వస్తే మీ పేరు పడుతుంది. రాత్రి పదకొండుకు మీరు నిద్రపోతుంటే మీ కార్డు క్లబ్ హౌస్ తెరిచినట్టు రాసుంటుంది. రేపు ఏదైనా జరిగితే పోలీసులు అడిగే మొదటి కాగితం అది. మీరు బ్యాంకు మనిషి, దొంగ సంతకం ఎంత దూరం తీసుకెళ్తుందో నాకంటే మీకే తెలుసు.

కోశాధికారి: తెలుసు కాబట్టే ముందు లెక్కలు తేల్చమంటున్నాను. మేనేజర్‌ని అడిగితే మొన్న ఒక కాగితం ఇచ్చాడు. పనిచేస్తున్న కార్డులు ఉండే మనుషుల కంటే ఎక్కువ! ఖాళీ చేసి వెళ్లిన అద్దెదారులవి, మానేసిన డ్రైవర్లవి, పోయాయని కొత్తవి తీసుకున్నవాళ్ల పాతవి, అన్నీ బతికే ఉన్నాయి. బిల్డరు మనుషులకిచ్చిన మాస్టర్ కార్డులు ఎక్కడున్నాయో దేవుడికే తెలియాలి. బ్రాంచిలో ఇలా టాలీ కాకపోతే సాయంత్రం తాళం వేసి ఇంటికి వెళ్లనిచ్చేవాళ్లు కాదు. కొత్త కార్డులు కొంటే ఈ రోగం కుదురుతుందా? రెండేళ్లలో అవీ ఇలాగే అవుతాయి.

ఇంజనీరు: ఇక్కడ మాత్రం మీతో నాకు తగువు లేదు.

కోశాధికారి: అయితే నా మాట విను. ఒక ఆదివారం మొత్తం కార్డులన్నీ సిస్టమ్‌లోంచి తీసేద్దాం. ఫ్లాటు ఫ్లాటుకీ తిరిగి, ఆధార్ కాదు, అద్దె ఒప్పందం చూసి, ఉన్నవాళ్ల కార్డులే మళ్లీ ఎక్కిద్దాం. ఖర్చు వెయ్యి రూపాయల టీ, సమోసాలు.

ఇంజనీరు: చేయాల్సిందే. కానీ అంకుల్, మీ కార్డుకి ఎవరైనా నకలు తీసుంటే దాని నంబరూ మీ నంబరూ ఒకటేగా. మీ కార్డును మళ్లీ ఎక్కించిన క్షణంలో ఆ నకలు కూడా లేచి కూర్చుంటుంది. లిస్టు శుభ్రం చేస్తే వెళ్లిపోయినవాళ్లు పోతారు. నకళ్లు పోవు. వాటిని తీయాలంటే నంబర్లే మార్చాలి, అంటే కార్డులే మార్చాలి. మార్చేటప్పుడు మళ్లీ అదే రకం ఎందుకు కొనాలి?

(నా మటుకు నాకు ఈ చర్చ మొత్తంలో బలమైన వాదం ఇది. కోశాధికారి కూడా ఇక్కడ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.)

ఇంజనీరు: మీ బ్యాంకే చూడండి. వెనక నల్ల పట్టీ ఉండే ఏటీఎం కార్డులన్నీ 2018 డిసెంబర్ 31 లోగా చిప్పు కార్డులుగా మార్చమని రిజర్వ్ బ్యాంకు చెప్పింది కదా. పట్టీలో ఉన్నది కూడా అడిగినవాడికల్లా చదివి వినిపించే సమాచారమే. చిప్పు అయితే ప్రతిసారీ కొత్త లెక్క కట్టి జవాబిస్తుంది. మనం అడిగేదీ ఆ మార్పే.

కోశాధికారి: ఆ పని చేసినవాళ్లలో నేనొకణ్ణి. కౌంటర్ ముందు క్యూలు, ‘పాతదే బాగుందండీ’ అనే పెద్దవాళ్లు, అన్నీ చూశాను. కానీ అప్పుడు జరిగింది పూర్తిగా చెప్పు. చిప్పు వచ్చాక పట్టీ పోయిందా? కొత్త కార్డు వెనక కూడా పట్టీ ఉంచారు, పాత మిషన్లలో పనిచేయాలని. ఆ పట్టీ ఒప్పుకునే మిషను ఎక్కడ మిగిలితే దొంగ అక్కడికే పోయాడు. ఇప్పుడు నీ మూడో కొటేషన్లో ఏం రాశాడు? ‘రెండు రకాలూ చదివే రీడర్లు, పాత కార్డులు కొన్నాళ్లు కొనసాగించవచ్చు’ అని. కొన్నాళ్లంటే ఎన్నాళ్లు?

ఇంజనీరు: అందరికీ ఒకేసారి పంచలేం కాబట్టి...

కోశాధికారి: పంచలేం. అమెరికాలో ఉన్న ఓనర్లు సంక్రాంతికి వస్తారు, అప్పటిదాకా అంటారు. తర్వాత ఉగాది అంటారు. రీడర్ పాత కార్డును చదివినంత కాలం పాత నకలూ చెల్లుతుంది. మనం డబ్బు పోసి కొన్నది కొత్త తాళం కాదు, పాత తాళం పక్కన ఇంకో తాళం.

ఇంజనీరు: నిజమే అంకుల్. ఈ ముక్క నా నోట్‌లో లేదు. ఉండాల్సింది.

కోశాధికారి: రాసుకో. ఇంకోటి. మొదటి కొటేషన్లో ‘స్మార్ట్ కార్డు, 13.56 మెగాహెర్ట్జ్, ఎన్‌క్రిప్టెడ్’ అని ఉంది. కార్డుకి ఇరవై పాతిక రూపాయలే. నువ్వు చెప్పేది వందకి పైన. ఎందుకు?

ఇంజనీరు: ఆ చవక కార్డు మైఫేర్ క్లాసిక్ రకం. 1994లో వచ్చింది, తర్వాత ఫిలిప్స్ చేతికెళ్లింది, వాళ్ల ఆ విభాగమే ఎన్‌ఎక్స్‌పీ అయింది. దాని రహస్య లెక్క పేరు క్రిప్టో-1, 48 బిట్ల తాళం. లెక్క ఎలా పనిచేస్తుందో బయటికి చెప్పకపోవడమే పెద్ద కాపలా అనుకున్నారు. 2007 డిసెంబర్‌లో బెర్లిన్‌లో కార్‌స్టెన్ నోల్, హెన్రిక్ ప్లోట్జ్ అనే ఇద్దరు చిప్పును పొర పొరగా అరగదీసి, మైక్రోస్కోపు కింద ఫోటోలు తీసి, లోపలి లెక్కను బయటపెట్టారు. మరుసటి ఏడాది నెదర్లాండ్స్‌లో రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం వాళ్లు దాన్ని పూర్తిగా విప్పేశారు. ఆ వ్యాసం అచ్చు కాకూడదని కంపెనీ కోర్టుకెళ్లింది. 2008 జులైలో ఆర్నెమ్ కోర్టు కుదరదంది. లండన్ బస్సులూ రైళ్ల ఆయిస్టర్ కార్డు కూడా అప్పట్లో ఇదే రకం. తర్వాత వాళ్లు నేను చెప్పే డెస్‌ఫైర్ రకానికి మారారు.

కోశాధికారి: 2008లో విప్పేసినదాన్ని ఇవాళ నాకు కొత్త టెక్నాలజీ అని అమ్ముతున్నాడా?

ఇంజనీరు: అమ్ముతున్నాడు. ఇంకా విచిత్రం, దీని బదులు పనిచేసే చవక చైనా చిప్పు ఒకదానిలో తయారీలోనే పెట్టిన దొడ్డిదారి తాళం ఉందని 2024లో ఒక ఫ్రెంచ్ భద్రతా సంస్థ బయటపెట్టింది.

కోశాధికారి: మరి నువ్వు చెప్పే డెస్‌ఫైర్ మాత్రం విరగదా? పదేళ్ల తర్వాత ఇంకో ఇంజనీరమ్మ వచ్చి ఇదే కథ చెబుతుంది.

ఇంజనీరు: చెప్పొచ్చు. డెస్‌ఫైర్ మొదటి తరాన్ని 2011లో జర్మనీ వాళ్లు విప్పారు కూడా. ఇప్పుడు దొరికే ఈవీ2, ఈవీ3 తరాలు వేరు. వాటిలో వాడేది ఏఈఎస్ 128 బిట్లు, అంటే ప్రపంచమంతా చూసి, పరీక్షించి ఒప్పుకున్న లెక్క. చెప్పకుండా దాచిన లెక్క కాదు. రీడర్ ఒక ప్రశ్న వేస్తుంది, తాళం తెలిసిన కార్డే సరైన జవాబిస్తుంది. ప్రశ్న ప్రతిసారీ మారుతుంది కాబట్టి నిన్నటి జవాబు విని దాచుకున్నా ఇవాళ పనికిరాదు.

కోశాధికారి: తాళం అంటున్నావు. అది ఎవరి దగ్గర ఉంటుంది?

ఇంజనీరు: ఎక్కువచోట్ల వెండరు దగ్గర.

కోశాధికారి: అంటే?

ఇంజనీరు: అంటే కొత్త కార్డు కావాలన్నా, ఇంకో కంపెనీ రీడర్ పెట్టాలన్నా అతనే దిక్కు. ఏఎంసీ ధర అతను చెప్పిందే. ఒక్కోసారి అతని కస్టమర్లందరికీ ఒకే తాళం వేస్తాడు. పక్క కాలనీలో అది బయటపడితే మనదీ పోయినట్టే.

కోశాధికారి: స్ట్రాంగ్ రూమ్ తాళాలు కాంట్రాక్టరు జేబులో పెట్టి పెన్షన్ తీసుకున్న మేనేజర్ని నేను చూడలేదు. ఆ తాళం మనది కావాలి. రెండు సీలు కవర్లు, ఒకటి అధ్యక్షుడి దగ్గర, ఒకటి లాకర్లో. కమిటీ మారినప్పుడు అప్పగింత రిజిస్టర్లో సంతకం.

ఇంజనీరు: వర్క్ ఆర్డర్లోనే రాద్దాం. దానితోపాటు ఇంకోటి. కొందరు డెస్‌ఫైర్ కార్డు ఇస్తారు, బిల్లూ దానికే వేస్తారు. కానీ రీడర్ మాత్రం కార్డు సీరియల్ నంబరు ఒక్కటే చదివేలా పెట్టి పోతారు. ఆ నంబరు తాళం అడగకుండానే బయటికొస్తుంది. అప్పుడు ఖరీదైన కార్డుతో పాత పనే చేయించుకుంటున్నాం.

కోశాధికారి: అది ఎలా తెలుస్తుంది?

ఇంజనీరు: బజార్లో కొన్న ఖాళీ డెస్‌ఫైర్ కార్డు ఒకటి ఇచ్చి, ‘దీన్ని మన సిస్టమ్‌లో నా ముందే చేర్చండి’ అనాలి. మన తాళం వేయకుండానే అది గేటు తెరిస్తే, రీడర్ సీరియల్ నంబరే చూస్తోందన్నమాట. బిల్లు ఆపేయండి.

కోశాధికారి: ఇది బాగుంది. బిల్లు ఆపడం నాకు తెలిసిన విద్యే.

ఇంజనీరు: గోడ వెనక సంగతి కూడా చూడాలి. రీడర్ నుంచి కంట్రోలరుకు వెళ్లే వైరింగు వీగాండ్ పద్ధతి, చాలా పాతది. అందులో నంబరు దాచకుండా ఒకవైపే పోతుంది. స్క్రూలు విప్పి చిన్న బోర్డు తగిలిస్తే ప్రతి నంబరూ దొరుకుతుంది. ఓఎస్‌డీపీ అనే పద్ధతిలో ఆ దారిని కూడా ఎన్‌క్రిప్ట్ చేయొచ్చు, రీడర్ని ఎవరైనా పీకితే కంట్రోలరుకు వెంటనే తెలుస్తుంది.

కోశాధికారి: దానికి వైర్లన్నీ మార్చాలా? అన్ని బ్లాకుల్లో గోడలు తవ్వనివ్వను. బయటి గేట్లకు మాత్రం చేద్దాం, వీధిలో నిలబడినవాడి చేతికి అందేవి అవే. కార్పస్ ఫండ్ ముట్టుకోను, మెయింటెనెన్స్ పెంచితే నెలకు 7,500 గీత దాటి జీఎస్టీ మీద పడుతుంది. సరేగానీ కార్ల సంగతేమిటి? ఫాస్టాగ్‌తోనే బారియర్ తెరిపించుకుంటున్నాం. అది అద్దం మీద అంటించిన నంబరు. కొన్ని మీటర్ల దూరం నుంచే చదువుతారు. మనుషుల కార్డుకి ఏఈఎస్ కావాలి, కారుకి అక్కర్లేదా?

ఆమె నవ్వింది. దొరికిపోయిన నవ్వే.

ఇంజనీరు: ఫాస్టాగ్ టోలు కట్టడానికి చేసింది, మనిషిని గుర్తుపట్టడానికి కాదు. కానీ కారు దగ్గర గార్డు ఉంటాడు, నంబరు ప్లేటుకి కెమెరా ఉంటుంది. దొంగ ట్యాగు అంటించుకుని వచ్చినా ప్లేటు వేరుగా కనిపిస్తుంది. రాత్రి లాబీ తలుపు దగ్గర చూసేవాడెవడూ ఉండడు. అందుకే నాకు కార్ల కంటే లాబీల మీద దిగులెక్కువ.

కోశాధికారి: పూర్తి జవాబు కాదు కానీ, డబ్బు మిగులుతుంది కాబట్టి ఊరుకుంటాను. మరి ఈ కార్డులే వద్దు, ముఖం చూపిస్తే తెరుచుకోవాలంటున్నారే కుర్రాళ్లు?

ఇంజనీరు: వద్దు అంకుల్. కార్డు పోతే రద్దు చేసి ఇంకోటి ఇస్తాం. ముఖం డేటా పోతే ఏం ఇస్తాం? 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం అలాంటి సమాచారం దాచినవాళ్ల మీద బాధ్యత ఉంటుంది. జీతం లేని కమిటీ ఆ బరువు ఎందుకెత్తుకోవాలి? ఫోన్‌తో తెరుచుకునే సదుపాయం కావాలన్నవాళ్లకు ఇద్దాం. ఫోన్ వాడలేని పెద్దవాళ్లకు కార్డే సుఖం.

కోశాధికారి: పనివాళ్ల ముఖాలు మాత్రం ఇప్పటికే తీస్తున్నారు. ఫోటో, ఫోన్ నంబరు, వచ్చిన టైము, పోయిన టైము. మన పిల్లల గురించి అంత రాస్తే ఒప్పుకుంటామా? వాళ్లకి జనరల్ బాడీలో ఓటు లేదు కాబట్టి చెల్లిపోతోంది. ఇప్పుడు కార్డు ఖరీదు కూడా వాళ్ల దగ్గరే తీసుకుందామని ఒకాయన సవరణ పంపాడు. నాలుగిళ్లలో అంట్లు తోమే మనిషి మన భద్రతకి డబ్బు కట్టాలా?

ఇంజనీరు: ఆ సవరణ నేనూ వ్యతిరేకిస్తాను. వాళ్లకీ మనలాంటి కార్డే ఇవ్వాలి, డిపాజిట్ లేకుండా. మానేసిన రోజు రద్దు చేయాల్సిన బాధ్యత పనిలో పెట్టుకున్న ఇంటివాళ్లది.

కోశాధికారి: ఆ రద్దులన్నీ నెలకోసారి నేను చూస్తాను. నువ్వు నోట్ మార్చి ముందు అదే రాయి. పాత కార్డులు పంపిణీ మొదలైన అరవయ్యో రోజు రాత్రి పన్నెండుకు చావాలి, అమెరికా వాళ్లున్నా, అయోధ్య వాళ్లున్నా. కరెంటు పోయినా, ఫైర్ అలారం మోగినా లాబీ తలుపు లోపలివైపు నుంచి దానంతటదే తెరుచుకోవాలి, అది కూడా రాయి. తాళం మనది. ఈ నాలుగూ ఉంటేనే నా సంతకం. ఒక్కటి తగ్గినా సభలో నేనే వ్యతిరేకంగా మాట్లాడతాను.

ఇంజనీరు: అరవై రోజులు తక్కువ అంకుల్. తొంభై చేయండి.

కోశాధికారి: అరవై.

ఇంకా వాళ్లు ఆ ముప్పై రోజుల దగ్గరే ఉన్నారు. నా ఓటు ఇంజనీరు తీర్మానానికే, కోశాధికారి షరతులు నాలుగూ ఉంటే. షరతుల్లేని తీర్మానానికైతే నేనూ చేయి ఎత్తను. అలాంటి ఖర్చు కంటే ఆయన చెప్పిన ఆదివారం, టీ, సమోసాలే నయం. మీ కాలనీలో ఈ చర్చ ఇంకా మొదలు కాకపోతే, కొటేషన్లు తెప్పించేముందు మేనేజర్‌ని ఒక్క కాగితం అడగండి. ఈ రోజు గేటు తెరుస్తున్న కార్డులు మొత్తం ఎన్ని, ఒక్కోటి ఎవరి పేరు మీద ఉంది, ఆ మనిషి ఇంకా ఇక్కడే ఉంటున్నాడా అని.